ఇటలీ వలసదారుల వంశాన్వేషణ, ఇంటిపేర్లు

ఇటలీ వదిలి అమెరికా ఖండాల్లోనూ, ఇతర దేశాల్లోనూ స్థిరపడినవారి పూర్వీకులు ఎవరు, ఏ ఊరివారు, వారి ఇంటిపేరు ఎక్కడిది అన్నది పాత దస్త్రాలతో తేల్చే పనే ఇటలీ వంశాన్వేషణ. ఇటలీ ప్రభుత్వం 1876లో వలసల లెక్క కట్టడం మొదలుపెట్టింది. అప్పటి నుంచి 1915 దాకా దేశం దాటినవారి లెక్క సుమారు 1.4 కోట్లు. ఒక్క 1913లోనే 8.7 లక్షల మంది వెళ్ళారు. ఇవాళ బ్రెజిల్, అర్జెంటీనా, అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఇటలీ మూలాలున్నవారు కోట్లలో ఉన్నారు. వారిలో చాలామందికి ముత్తాత గురించి తెలిసినవి రెండే: ఒక ఇంటిపేరు, "నేపుల్స్ దగ్గర ఎక్కడో" అన్న ఇంట్లో మాట.

ఈ రెండింటిలో ఇంటిపేరునే అందరూ గట్టిగా పట్టుకుంటారు. కానీ పని జరిగేది ఊరి పేరుతో. జనన, వివాహ, మరణ దస్త్రాలకు ఇటలీ మొత్తానికి కలిపి పాతకాలపు సూచిక అంటూ లేదు. ప్రతి ఊరి స్థానిక సంస్థ తన రిజిస్టర్లు తాను రాసుకుంది. ఈ సంస్థను కొమూనే అంటారు. మన పంచాయతీ, మునిసిపాలిటీ రెండూ చేసే పని అక్కడ కొమూనేదే. దేశంలో ఇవి సుమారు 7,900. ఏ కొమూనేయో తెలియకుండా రుస్సో అనే ఇంటిపేరు కోసం బయల్దేరితే ఎన్నేళ్ళయినా తేలదు. ఊరు తెలిస్తే మాత్రం, ఇంటిపేరు ఎంత తప్పుగా రాసి ఉన్నా మనిషి దొరుకుతాడు.

వలసల నేపథ్యం

ఇటలీ 1861లో ఒక రాజ్యమైంది. వెనెటో ప్రాంతం 1866లో, రోము 1870లో కలిశాయి. ట్రెంటో, ట్రియెస్టే ప్రాంతాలు మొదటి ప్రపంచ యుద్ధం దాకా ఆస్ట్రియా ఏలుబడిలోనే ఉండిపోయాయి. వెతికేవారికి ఈ తేదీలు కంఠతా రావాలి. ఎందుకంటే తాతముత్తాతల కాగితాలు ఏ ప్రభుత్వం రాసింది, ఏ భాషలో రాసింది అన్నది వీటిని బట్టే తెలుస్తుంది.

ఏకీకరణ తరవాత పల్లెల్లో బతుకు బాగుపడలేదు. 1860ల చివర్లో పిండి మర మీద కూడా పన్ను పడింది. 1880ల నుంచి అమెరికా గోధుమలు చౌకగా దిగి పంట ధరలు పడిపోయాయి. ద్రాక్షతోటలకు ఫిలోక్సెరా పురుగు పట్టింది. ముందుగా కదిలింది ఉత్తరాదివారు. వెనెటో, పియెమాంటే, లిగూరియాల నుంచి బ్రెజిల్‌కూ అర్జెంటీనాకూ వెళ్ళారు. బ్రెజిల్‌లో 1888లో బానిసత్వం రద్దయ్యాక సావో పాలో కాఫీ తోటలకు కూలీలు కావలసివచ్చి, ఓడ ఛార్జీలు పెట్టి మరీ కుటుంబాలకు కుటుంబాలను రప్పించారు. అక్కడి కష్టాల వార్తలు చేరాక, ఇలా ఖర్చులు పెట్టి తీసుకెళ్ళడాన్ని ఇటలీ 1902లో నిషేధించింది. దక్షిణాది జనం, అంటే సిసిలీ, కలాబ్రియా, కంపానియా, అబ్రుత్సో వాళ్ళు, ఎక్కువగా న్యూయార్కు దారి పట్టారు. 1880, 1920 మధ్య సంయుక్త రాష్ట్రాలకు చేరిన ఇటాలియన్లు దాదాపు 40 లక్షలు. 1924 చట్టం ఇటలీ వాటాను ఏడాదికి 3,845కి కుదించడంతో ఆ దారి మూసుకుపోయింది.

ఈ లెక్కల్లో ఒక చిక్కుంది. చాలామంది మగవాళ్ళు రెండు మూడేళ్ళు కూలి చేసి, డబ్బు కూడబెట్టి, ఇంటికొచ్చి, మళ్ళీ వెళ్ళేవారు. ఒకే మనిషి రెండు మూడు ఓడల జాబితాల్లో కనిపిస్తాడు. మొదటి ప్రయాణం దొరికిందని ఆగిపోతే రెండో ప్రయాణం కాగితంలో ఉన్న ఊరి పేరు పోగొట్టుకున్నట్టే.

ఊరి పేరు కోసం

వెతుకులాట ఇటలీలో కాదు, వలస వచ్చిన దేశంలో మొదలవుతుంది. ఇంట్లో ఉన్న పాత పాస్‌పోర్టు, సమాధి రాయి, పెళ్ళి జరిగిన చర్చి రిజిస్టరు, వర్తమాన పత్రికలో వేసిన మరణ వార్త, అన్నీ అక్కరకొస్తాయి. అమెరికా జనాభా లెక్కల్లో పుట్టిన చోటు అన్నచోట "ఇటలీ" అని తప్ప ఊరు రాయరు. కానీ 1900 నుంచి 1930 దాకా జరిగిన లెక్కల్లో వచ్చిన సంవత్సరం, పౌరసత్వం సంగతి రాశారు. దాంతో ఓడ జాబితా ఏ సంవత్సరానిదో చూసుకోవచ్చు.

ఓడ జాబితాల్లో 1907 ఒక మైలురాయి. అంతకు ముందువాటిలో పేరు, వయసు, వృత్తి, చివరి నివాసం, ఎవరి దగ్గరకు వెళుతున్నారు అన్నవి ఉంటాయి. ఆ ఏడాది మారిన నమూనాలో స్వదేశంలో ఉన్న దగ్గరి బంధువు పేరు, చిరునామా, పుట్టిన ఊరు, ఎత్తు, జుట్టు, కళ్ళ రంగు చేరాయి. జాబితా పక్కపక్కన రెండు పేజీలైంది. ఇంటర్నెట్‌లో చూసేవారిలో చాలామంది ఎడమ పేజీతో ఆగిపోతారు. ఊరి పేరు ఉండేది కుడి పేజీలో. అప్పుడప్పుడు ఒక పేరు మీద చిన్న అక్షరాలతో ఒక అంకె, అడ్డగీత, మరో అంకె, ఒక తేదీ కనిపిస్తాయి. ఓడ దిగిన ఇరవై, ముప్ఫై ఏళ్ళకు ఆయన పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకుంటే, నిజంగా ఫలానా రోజున దిగాడా అని గుమాస్తా ఈ పేజీ తీసి చూసి వేసిన గుర్తు అది. దాని వెంట పడితే పౌరసత్వ దస్త్రం చేతికొస్తుంది.

ఆ దస్త్రాలకు కూడా ఒక హద్దు ఉంది. 1906 సెప్టెంబరుకు ముందు ఏ కోర్టు నమూనా దానిదే. కొన్నింటిలో "ఇటలీ రాజుకు విధేయత వదులుకుంటున్నాను" అన్న వాక్యం తప్ప ఏమీ ఉండదు. ఆ తరవాత దేశమంతా ఒకే నమూనా వచ్చి, పుట్టిన ఊరు, తేదీ, ఓడ పేరు రాయడం తప్పనిసరైంది. ఆడవారి కాగితాలు మాత్రం అరుదు. 1922 దాకా భర్తకు పౌరసత్వం వస్తే భార్యకూ వచ్చినట్టే కాబట్టి ఆమె పేరున వేరే దస్త్రం తెరవలేదు.

అర్జెంటీనాలో 1882 నుంచి దిగినవారి వివరాలను బ్యూనస్ ఎయిర్స్‌లోని సెమ్లా అనే వలస అధ్యయన కేంద్రం కంప్యూటర్‌కెక్కించింది. సావో పాలోలో వలసదారులకు బస కల్పించిన సత్రం పుస్తకాలు మిగిలాయి. ఆ భవనం ఇప్పుడు వలసల మ్యూజియం. ఇటలీ వైపు ఓడరేవుల్లో తయారైన జాబితాలు మాత్రం చాలావరకు దక్కలేదు. జెనోవాలోని ఒక పరిశోధన సంస్థ దొరికినవాటిని పోగుచేసింది. అదే నగరంలో 2022లో జాతీయ వలసల మ్యూజియం తెరిచారు.

పోప్ ఫ్రాన్సిస్ తండ్రి మారియో బెర్గోల్యో కుటుంబం ప్రయాణం, నోటిమాటగా వచ్చే తేదీలను ఎంత జాగ్రత్తగా తీసుకోవాలో చెప్పడానికి మంచి ఉదాహరణ. వీరి మూలాలు పియెమాంటేలో అస్తీ దగ్గర పోర్తకొమారోలో ఉన్నాయి. ప్రిన్చిపెస్సా మఫాల్దా అనే ఓడకు టిక్కెట్లు కొన్నా, ఆస్తి అమ్మకం ఆలస్యమై దాన్ని ఎక్కలేకపోయారు. ఆ ఓడ 1927 అక్టోబరులో బ్రెజిల్ తీరాన మునిగిపోయింది. చివరికి జూల్యో చెజారె అనే మరో ఓడలో 1929లో బ్యూనస్ ఎయిర్స్‌లో దిగారు. దిగిన తేదీ మాత్రం ఒక్కొక్కరి మాటలో ఒక్కోలా కనిపిస్తుంది. కుటుంబాల్లో చెప్పుకునే సంవత్సరాలను ఓ రెండేళ్ళు అటూ ఇటూ వేసుకునే వెతకాలి.

ఊరి పేరు దొరికాక కూడా రెండు గుంటలుంటాయి. ఒకటి, నేపుల్స్ అని రాస్తే అది నగరం కాకపోవచ్చు, జిల్లా కావచ్చు, అసలు ఓడ ఎక్కిన రేవే కావచ్చు. కొన్నిసార్లు రాసింది కొమూనే పేరు కాక దాని కింది చిన్న పల్లె పేరై ఉంటుంది. రెండోది, పేర్లు మారిన ఊళ్ళు. జిర్జెంతి అనే ఊరు ఇప్పటి పటాల్లో లేదు. 1927లో దాన్ని అగ్రిజెంతో చేశారు. అదే ఏడాది కాస్త్రొజొవాన్ని ఎన్నా అయింది, సిసిలీలోని తెర్రనొవా జేలా అయింది. 1928లో మొంతెలెయోనె వీబో వలెంత్యాగా మారింది.

ఎల్లిస్ ద్వీపంలో పేరు మార్చారన్న కథ

న్యూయార్కు రేవులో ఎల్లిస్ ద్వీపం వలస కేంద్రం 1892 జనవరి 1న తెరుచుకుంది, 1954లో మూతపడింది. అక్కడి అధికారికి మా తాత పేరు పలకడం రాక నోటికొచ్చింది రాసేశాడని లక్షల కుటుంబాలు చెప్పుకుంటాయి. 1974లో వచ్చిన గాడ్‌ఫాదర్ రెండో భాగంలో విటో ఆండోలిని అనే కుర్రాడు సొంత ఊరి పేరుతో కొర్లియోనె అయిపోయే దృశ్యం ఈ నమ్మకానికి ముద్ర వేసింది.

జరిగింది అది కాదు. అధికారి పేర్లు రాయనే లేదు. నేపుల్స్‌లోనో పలేర్మోలోనో టిక్కెట్టు ఇచ్చినప్పుడు ఓడ కంపెనీ గుమాస్తా రాసిన జాబితాను ముందు పెట్టుకుని, వరసగా పిలిచి టిక్కు పెట్టుకున్నాడు. ఆ గుమాస్తాలు ఇటాలియన్లే. తిరస్కరించిన ప్రయాణికుణ్ణి తన ఖర్చుతో వెనక్కి తీసుకెళ్ళే బాధ్యత కంపెనీది కాబట్టి జాబితా జాగ్రత్తగానే రాసేవారు. ద్వీపంలో దుబాసీలు కూడా ఉన్నారు. తరవాత న్యూయార్కు మేయరైన ఫియొరెల్లో లా గ్వార్దియా 1907 నుంచి 1910 దాకా చేసింది ఆ ఉద్యోగమే. ఆయన తండ్రిది పూల్యాలోని చెరిఞోలా.

పేర్లు మారాయి, కానీ ఆ తరవాత. బడిలో టీచరు మార్చింది, ఫ్యాక్టరీ జీతాల పుస్తకంలో మేస్త్రీ మార్చాడు, కోర్టులో తనే మార్చుకున్నాడు. గాయకుడు డీన్ మార్టిన్ పుట్టినప్పుడు డీనో క్రొచెత్తి. టోనీ బెనెట్ కుటుంబం బెనెదెత్తో. ఫ్రాంక్ సినాత్రా తండ్రి సిసిలీవాడైనా ఐరిష్ పేరైతే గిరాకీ అని మార్టీ ఒబ్రయన్ అన్న పేరుతో బాక్సింగ్ చేశాడు. మొదటి పేర్లు ఇంకా విచిత్రంగా మారాయి. సాల్వతోరె సామ్ అయ్యాడు, కలోజెరో చార్లీ అయ్యాడు, విన్చెంజో ఒక్కోసారి జేమ్స్ అయ్యాడు. బ్రెజిల్‌లో జుజెప్పె జోజె, జొవాన్ని జొవావ్ అయ్యారు. అందుకే ఓడ జాబితాలో వెతికేటప్పుడు అమెరికన్ పేరు పక్కన పెట్టేసి అసలు ఇటాలియన్ పేరు పట్టుకోవాలి. చేతిరాతను చదివి కంప్యూటర్‌కెక్కించినవారు చేసిన తప్పులు వీటికి తోడు. 2001లో ఎల్లిస్ ద్వీపం జాబితాలు ఇంటర్నెట్‌లోకి వచ్చినప్పుడు, పేరు సగమే తెలిసినా, అక్షరాలు అటూ ఇటైనా వెతికే పద్ధతిని తయారుచేసినవాడు స్టీవ్ మోర్స్. ఇంటెల్ 8086 చిప్‌ను రూపొందించిన ఇంజనీరు ఆయనే.

ఇటలీ పౌర రిజిస్టర్లు

నెపోలియన్ పాలన ఇటలీకి తెచ్చిన మేళ్ళలో వంశాన్వేషకులు రోజూ తలుచుకునేది జనన మరణ రిజిస్టర్లు. ఉత్తరాదిలో 1806 ప్రాంతంలో, నేపుల్స్ రాజ్యంలో 1809లో ఇవి మొదలయ్యాయి. నెపోలియన్ పడిపోగానే ఉత్తరాదిలో చాలాచోట్ల ఆపేశారు. దక్షిణాదిలో బూర్బన్ రాజులు తిరిగొచ్చినా ఈ పద్ధతిని మాత్రం వదల్లేదు. 1820 నుంచి సిసిలీకి కూడా విస్తరించారు. దాంతో పేద దక్షిణాది రైతుకూలీ వంశం 1700ల దాకా సులువుగా దొరుకుతుంది. సంపన్న ఉత్తరాది కుటుంబానికి 1866 ముందు చర్చి పుస్తకాలే గతి అవుతాయి. కొత్త ఇటలీ రాజ్యం తన రిజిస్టర్లను 1866 జనవరి నుంచి మొదలుపెట్టింది. వెనెటో, రోము ప్రాంతాల్లో 1871. ట్రెంటో వైపు 1923 దాకా చర్చి గురువు రాసిందే ప్రభుత్వ దస్త్రం. అక్కడ 1815 నుంచి 1923 వరకు పుట్టినవారి పేర్లన్నీ ఒకచోట చేర్చి వెతుక్కునే వీలు కల్పించారు. ఇలాంటి సౌకర్యం ఇటలీలో మరోచోట అరుదు.

1840 నాటి ఒక జనన పత్రాన్ని దక్షిణాది రిజిస్టరులో చూద్దాం. పేజీ రెండు భాగాలు. ఎడమవైపు, తండ్రి బిడ్డను ఎత్తుకుని మేయరు ముందుకు వచ్చాడని, అతని పేరు, వయసు, వృత్తి, ఉండే వీధి, తల్లి పేరు, ఆమె వయసు, బిడ్డ పుట్టిన గంట, ఇద్దరు సాక్షులు. కుడివైపు, చర్చిలో జ్ఞానస్నానం జరిగిన తేదీని గురువు పంపిన చీటీ చూసి నింపిన గడి. కింద సంతకాలు. చాలాసార్లు మేయరు సంతకం ఒక్కటే ఉంటుంది. తక్కినవారికి రాయడం రాదని చెప్పారని రాసి ఉంటుంది. అంకెలు అక్షరాల్లో రాస్తారు కాబట్టి చదవడం కష్టమైనా తప్పు పడదు. నెల దగ్గరే పప్పులో కాలేస్తారు. 7 అంకె వేసి "బ్రె" అని రాస్తే ఏడో నెల కాదు, సెప్టెంబరు. 8 అక్టోబరు, 9 నవంబరు, రోమన్ పది వేస్తే డిసెంబరు. లాటిన్ అంకెల పేర్ల నుంచి వచ్చిన పొట్టి రాత ఇది.

తండ్రి పేరు ముందు "ది" ఉంటే ఆయన బతికున్నట్టు, "ఫు" ఉంటే కాలం చేసినట్టు. ఈ ఒక్క అక్షరమే మరణ రిజిస్టరు ఏ ఏడాదికి ముందు తిప్పాలో చెబుతుంది. ఆడవారు ఇటలీ దస్త్రాల్లో పుట్టింటి ఇంటిపేరుతోనే పుట్టి, పెళ్ళాడి, చనిపోతారు. ఓడ జాబితాలో కూడా చాలామంది అలాగే కనిపిస్తారు. పోప్ ఫ్రాన్సిస్ నాయనమ్మ రోజా, బెర్గోల్యో కోడలైనా కాగితాల మీద వస్సాల్లోనే. పెళ్ళితో ఇంటిపేరు మారే మన దస్త్రాల్లో అమ్మమ్మ పుట్టిల్లు పట్టుకోవడం ఎంత కష్టమో తెలిసినవారికి ఇది వరంలా అనిపిస్తుంది.

అన్నిటికంటే విలువైనవి పెళ్ళి కాగితాల జోడింపులు. దక్షిణాదిలో పెళ్ళికి ముందు వధూవరులు జనన పత్రాలు ఇవ్వాలి, తల్లిదండ్రుల అంగీకారం చూపాలి. తండ్రి చనిపోయి ఉంటే ఆయన మరణ పత్రం, తండ్రి వైపు తాత అంగీకారం, ఆయనా లేకపోతే తాత మరణ పత్రం. వీటన్నింటినీ ఒక కట్టగా దారంతో కుట్టి ఉంచేవారు. 1825లో జరిగిన ఒక పెళ్ళి కట్టలో వధూవరుల జ్ఞానస్నాన నకళ్ళు, 1790లలో పోయిన తాత ఖనన నకలు ఉండవచ్చు. అంటే చర్చి గడప తొక్కకుండానే మూడు తరాలు. ఇంత పని సాగే కట్టను వదిలేసి ఒక్క జనన పత్రం నకలుతో సంతృప్తిపడేవారిని చూస్తే జాలేస్తుంది.

1866 తరవాత మరో మెలిక. ప్రభుత్వం గుర్తించింది కొమూనేలో జరిగిన పెళ్ళినే. చర్చి పెళ్ళికి చట్టబద్ధత 1929లో పోపుతో ఒప్పందం కుదిరాక గానీ రాలేదు. ఈలోగా చర్చిలో మాత్రమే పెళ్ళాడిన దంపతుల బిడ్డలు కొమూనే రిజిస్టరులో అవివాహితుల బిడ్డలుగా నమోదయ్యారు. అలాంటి పత్రం చేతికొస్తే తాతమ్మ మీద అపనింద వేయకూడదు. చర్చి పుస్తకం చూడాలి.

రిజిస్టర్లు రెండు ప్రతులు రాసేవారు. ఒకటి కొమూనేలో, రెండోది జిల్లా కోర్టులో. కోర్టు ప్రతి 70 ఏళ్ళ తరవాత ఆ జిల్లాలోని ప్రభుత్వ దస్త్రాగారానికి చేరుతుంది. ఈ దస్త్రాగారాల రిజిస్టర్లను ఫ్యామిలీసెర్చ్ సంస్థ దశాబ్దాలుగా ఫొటోలు తీసింది. ఇటలీ సంస్కృతి శాఖ 2011లో "పూర్వీకులు" అనే అర్థం వచ్చే అంతెనాతి పోర్టల్ ప్రారంభించి వాటిని ఉచితంగా చూపిస్తోంది. అయితే పేజీల బొమ్మలే ఎక్కువ, పేర్లతో వెతికే వీలు కొన్ని జిల్లాలకే. ఏడాది చివర గుమాస్తా రాసిన సూచిక, పదేళ్ళకొకసారి రాసిన సూచిక ముందు తిప్పి, పత్రం సంఖ్య చూసుకుని లోపలికి పోవడం అలవాటు చేసుకోవాలి.

చర్చి పుస్తకాలు, ఇతర ఆధారాలు

క్యాథలిక్ చర్చి 1563లో ట్రెంట్ మహాసభ నిర్ణయంతో పెళ్ళి రిజిస్టర్లను తప్పనిసరి చేసింది. 1614లో వచ్చిన రోమన్ ఆచార గ్రంథం జ్ఞానస్నానం, మరణం నమోదుకు నమూనాలిచ్చింది. ఈస్టరు వేళ విచారణ గురువు ఇల్లిల్లూ తిరిగి రాసుకున్న "ఆత్మల జాబితా" కూడా ఆ నమూనాల్లో ఒకటి. ఒక్కో ఇంట్లో ఎవరెవరు, ఎంతేసి వయసు, ఎవరికి ఏమవుతారు అన్నది అందులో ఒకేచోట దొరుకుతుంది. పౌర రిజిస్టరులో ఇది దొరకదు. భాష లాటిన్. ఇవి ఇంటర్నెట్‌లో తక్కువ. ఊరి గురువుకో, బిషప్ దస్త్రాగారానికో ముందుగా ఉత్తరం రాసుకుని వెళ్ళాలి.

సైనిక భర్తీ పుస్తకాలు మగవారందరికీ ఉన్నాయి. ఎత్తు, ఛాతీ కొలత, చదువు వస్తుందా అన్నవి రాసి, పిలుపు వచ్చిన రోజు హాజరు కాకపోతే పరారీ అని వేసేవారు. అప్పటికే న్యూయార్కులో ఇటుకలు మోస్తున్న కుర్రాళ్ళు ఎందరో ఇలా కాగితం మీద నేరస్థులయ్యారు. అంతకు వెనక్కి పోవాలంటే నోటరీల కట్నం ఒప్పందాలు, నేపుల్స్ రాజ్యంలో 1740ల నుంచి ఇల్లిల్లూ లెక్కగట్టిన పన్ను రిజిస్టర్లు, సిసిలీలో 16వ శతాబ్దం నుంచి ఉన్న ఆస్తి ప్రకటనలు ఉన్నాయి.

అన్నీ దక్కలేదు. 1908 డిసెంబరు 28 నాటి మెస్సీనా భూకంపం ఆ నగర దస్త్రాలను చాలావరకు మింగేసింది. 1943 సెప్టెంబరు 30న, భద్రత కోసం నగరం బయట ఒక బంగళాలో దాచిన నేపుల్స్ దస్త్రాగారపు అత్యంత విలువైన సంపుటాలను జర్మన్ సైనికులు తగలబెట్టారు. మధ్యయుగపు ఆంజూ రాజుల రిజిస్టర్లు ఆ మంటల్లోనే పోయాయి.

ఇంటిపేర్ల పుట్టుక

ఇటలీలో ఇంటిపేర్లు మూడు లక్షలకు పైనే అని అంచనా. వెనిస్ కులీనుల్లో వెయ్యేళ్ళ నాడే ఇవి ఉన్నా, సామాన్యుల్లో స్థిరపడింది 15, 16 శతాబ్దాల్లో. లియొనార్దో ద వించిలో "వించి" ఊరే గానీ ఇంటిపేరు కాదు. చర్చి పుస్తకాల్లో తరం తరవాత తరం ఒకే పేరు రాయాల్సిరావడంతో అప్పటిదాకా జారుతూ ఉన్న పేర్లు గట్టిపడ్డాయి.

మూలాలు నాలుగు దారులు. తండ్రి పేరు (ది పియెత్రో, దె లూకా, మర్తీని), వృత్తి, ఊరు లేదా ప్రాంతం, ఒంటి తీరు లేదా ఎగతాళి పేరు. దేశంలో అన్నిటికంటే ఎక్కువగా వినిపించే రొస్సీ, దక్షిణాదిలో దాని రూపమైన రుస్సో, రెండూ ఎర్రజుట్టు వాళ్ళకు పెట్టినవే. కమ్మరి పేరు చూస్తే ప్రాంతాలు ఎలా చీలాయో తెలుస్తుంది. లొంబార్దియా, ఎమీలియాల్లో ఫెర్రారీ, పియెమాంటేలో ఫెర్రేరో, దక్షిణాదిలో ఫెర్రారో, టస్కనీ వైపు ఫాబ్రీ, వెనెటోలో ఫావెరో. కారు పేరూ చాక్లెట్ పేరూ ఒకే కొలిమిలోంచి వచ్చాయి.

చివరి అక్షరం దిక్కు చూపిస్తుంది. "ఇ"తో ముగిస్తే టస్కనీ, మధ్య ఇటలీ వైపు మొగ్గు. త్రెవిజాన్, విజెంతిన్, ఫుర్లాన్ లాగా హల్లుతో ఆగిపోతే వెనెటో, ఫ్రియూలీ. పీరస్, మెలిస్, పుద్దు, సాన్నా అంటే సార్డీనియా అని దాదాపు కళ్ళు మూసుకుని చెప్పవచ్చు. సిసిలీ, కలాబ్రియాల్లో అరబ్బుల, గ్రీకుల జాడలు మిగిలాయి. మొరాబితో అంటే అరబ్బీలో ముస్లిం సన్యాసికి వాడే మాట, మకలూజో అంటే విముక్తుడైన బానిస. షిరో వంటి పేర్లు 15వ శతాబ్దంలో తురుష్కుల నుంచి పారిపోయి వచ్చిన అల్బేనియన్ల ఊళ్ళవి.

ఊరి పేరుతో వచ్చిన ఇంటిపేరు ఎప్పుడూ పక్కకు లాగుతుంది. జెనొవేజె అనే ఇంటిపేరు జెనోవాలో పెట్టరు, అక్కడ అందరూ ఆ ఊరివాళ్ళే కదా. వేరే ఊరు చేరినప్పుడే ఆ పేరు అంటుకుంటుంది. బాక్సర్ రాకీ మార్సియానో అసలు ఇంటిపేరు మర్కెజానో, మార్కె ప్రాంతంవాడని అర్థం. తండ్రి ఊరు మాత్రం పక్కన అబ్రుత్సోలోని రీపా తెయతీనా. ఎన్ని తరాల క్రితం మార్కె నుంచి వచ్చారో గానీ, వెతకాల్సింది అబ్రుత్సోలోనే. ఇంటిపేరు అర్థం చూసి ఊరు తేల్చుకునేవారు ఇక్కడే దెబ్బ తింటారు.

ఇంటిపేరు ఒక్కటే చాలనిచోట ఊరే రెండో పేరు పెట్టుకుంది. వెనిస్ దగ్గర జాలరుల పట్టణం కియొజ్జాలో బోస్కోలో, తియొత్సో అనే రెండు ఇంటిపేర్లవాళ్ళు వేలల్లో ఉన్నారు. పిలుపు పేరు లేకపోతే పోస్టుమాను ఉత్తరం ఇవ్వలేడు. అందుకని ఒక్కో శాఖ ఎగతాళి పేరును ప్రభుత్వమే దస్త్రంలోకి ఎక్కించింది. బోస్కోలో అంజొలెత్తి, తియొత్సో ఫజొలో లాంటివి అక్కడి గుర్తింపు కార్డుల మీదే ఉంటాయి. ఈ గందరగోళానికి పేర్లు పెట్టే ఆచారం కూడా కారణం. మొదటి కొడుక్కి నాన్న తండ్రి పేరు, రెండోవాడికి అమ్మ తండ్రి పేరు, కూతుళ్ళకు అదే వరసలో నాయనమ్మ, అమ్మమ్మ పేర్లు. జుజెప్పెకు ఐదుగురు కొడుకులుంటే ఐదు ఇళ్ళలోనూ పెద్ద మనవడు జుజెప్పె రుస్సోయే, అందరూ ఒకే వీధిలో, ఐదారేళ్ళ తేడాతో. అసలు మనిషిని వేరుచేసేది తల్లి ఇంటిపేరు. బిడ్డ చిన్నతనంలో పోతే తరవాతి బిడ్డకు అదే పేరు పెట్టేవారు కాబట్టి, మొదట దొరికిన జనన పత్రం అతనిదే అనుకునే ముందు మరణ సూచిక కూడా తిరగేయాలి.

దొరికిన బిడ్డల పేర్లు మరో కథ. నేపుల్స్‌లోని అనున్జియాతా ఆలయం గోడకు ఒక తిరుగుడు పెట్టె ఉండేది. తల్లి బయటినుంచి బిడ్డను అందులో ఉంచి తిప్పితే లోపలున్న ఆయా తీసుకునేది. ఆ బిడ్డలకు ఎస్పోజితో అని పెట్టారు, బయట ఉంచినవాడని అర్థం. రోములో ప్రొయెత్తి, మిలాన్‌లో ఆసుపత్రి చిహ్నమైన పావురం పేరు మీద కొలొంబో, సిసిలీలో త్రొవాతో, ఫ్లోరెన్సులో ఇన్నొచెంతి. బ్రూనెల్లెస్కి కట్టిన ఫ్లోరెన్సు శిశు ఆశ్రమం 1445లో మొదటి బిడ్డను చేర్చుకుంది. తల్లులు సగానికి విరిచిన పతకం ముక్కనో, పూసల దండనో బిడ్డ గుడ్డల్లో కట్టి వదిలేవారు, రెండో సగం తమ దగ్గర ఉంచుకుని. ఎప్పటికైనా వచ్చి తీసుకెళ్ళాలనుకుంటే గుర్తుపట్టడానికి. ఆ ముక్కలు ఇప్పుడు అక్కడి మ్యూజియంలో సొరుగుల్లో ఉన్నాయి. పేరు చూసి అందరూ వేలెత్తి చూపుతున్నారని నేపుల్స్‌లో రాజు మ్యూరా పాలన కాలంలో (1808–1815) ఎస్పోజితో పెట్టడాన్ని నిషేధించారు. ఆ తరవాత గుమాస్తాలు నెల పేరో, పువ్వు పేరో, ఏదో ఒకటి కల్పించి రాశారు. నేపుల్స్, ఫ్లోరెన్సు రెండు చోట్లా ఇలాంటి పెట్టెలు 1875లో మూతపడ్డాయి. వంశవృక్షం ఇలాంటి పేరు దగ్గర ఆగిపోతే అంతకు వెనక్కి దారి దాదాపు ఉండదు. డీఎన్‌ఏ పరీక్ష ఒక్కోసారి దగ్గరి శాఖను చూపుతుంది. అయితే తరతరాలుగా ఊళ్ళో వాళ్ళే ఊళ్ళో వాళ్ళను చేసుకున్న కొండ పల్లెల్లో అందరూ అందరికీ చుట్టాలే, అక్కడ ఆ ఫలితాన్ని ఎక్కువ నమ్మకూడదు.

ఇంటిపేరు పరిశోధనలో ఎమీదియో దె ఫెలీచె 1978లో తెచ్చిన నిఘంటువు, కఫరెల్లి, మర్కాతో అనే ఇద్దరు కలిసి 2008లో వెలువరించిన రెండు సంపుటాలు ప్రామాణికం. బజారులో ఫ్రేము కట్టి అమ్మే "మీ వంశ చిహ్నం" బొమ్మలకు వీటితో ఏ సంబంధమూ లేదు. చిహ్నాలు ఫలానా కుటుంబానికి ఇచ్చినవి, ఇంటిపేరుకు కాదు.

పౌరసత్వం కోసం వెతికేవారు

ఇటీవలి కాలంలో ఈ అన్వేషణను ఉద్యోగంగా మార్చింది పాస్‌పోర్టు. 1912 చట్టం, తరవాత 1992 చట్టం ప్రకారం పూర్వీకుడు 1861 మార్చి 17న గానీ ఆ తరవాత గానీ ఇటలీ పౌరుడై ఉండి, బిడ్డ పుట్టేలోగా విదేశీ పౌరసత్వం తీసుకోకపోతే, ఎన్ని తరాలైనా రక్తసంబంధం మీద పౌరసత్వం వచ్చేది. తల్లి ద్వారా అయితే 1948 జనవరి 1 తరవాత పుట్టినవారికే, తక్కినవారు కోర్టుకు వెళ్ళేవారు. అందుకే ముత్తాత పౌరసత్వం తీసుకున్నాడని కాదు, తీసుకోలేదని రుజువు చేసే కాగితానికి అంత గిరాకీ ఉండేది. బ్రెజిల్‌లో దీనికోసం ప్రత్యేక ధ్రువపత్రమే ఇస్తారు.

దరఖాస్తులు వరదలా వచ్చి పడ్డాయి. వెనెటో కొండల్లోని వాల్ ది జోల్దో అనే చిన్న కొమూనే, గుమాస్తాలు ఊరి పనులు మానేసి బ్రెజిలియన్ల దరఖాస్తులే చూడాల్సి వస్తోందని 2025లో తన కార్యాలయానికి బ్రెజిల్ జెండా కట్టి నిరసన తెలిపింది. 2025 బడ్జెట్ చట్టం పౌరసత్వ దరఖాస్తుకు 600 యూరోల దాకా, వందేళ్ళు దాటిన వ్యక్తుల పత్రాల నకళ్ళకు 300 యూరోల దాకా వసూలు చేసుకోవచ్చని కొమూనేలకు అనుమతి ఇచ్చింది. అదే ఏడాది మార్చి 28న అత్యవసర ఉత్తర్వు వచ్చి, మే నెలలో చట్టమైంది. దాని ప్రకారం విదేశంలో పుట్టినవారికి స్థూలంగా తల్లిదండ్రులో, తాతలో అమ్మమ్మలో ఇటలీ పౌరులై ఉంటేనే హక్కు. ముత్తాత కాగితాలు ఇక పాస్‌పోర్టుకు పనికిరావు. అంతకు ముందు ఏడాదినే ఇటలీ విదేశాంగ శాఖ ప్రపంచంలోని ఇటలీ మూలాల సంవత్సరంగా ప్రకటించి, మునిమనవళ్ళను పర్యాటకులుగా పిలిచి, ప్రాంతాలవారీగా వంశాన్వేషణ సాయం అందించే ఏర్పాట్లు చేసింది. అంతెనాతి పోర్టల్‌లో పేజీలు చూడటానికి మాత్రం ఇప్పటికీ రుసుము లేదు.